గునుగు కట్ట

అప్పట్ల చేవెళ్ల నుంచి బస్సుల వస్తున్న. బతుకమ్మకని తెంపిన గునుగు పూల కట్ట నా ఒళ్లో ఉన్నది. పక్క సీట్ల తెల్లగడ్డం పెద్దమనిషి దాన్నే చూస్తున్నడు. మాట కలిపితే చెప్పిండు, ఊర్లల్ల చెట్ల మందుల మీద పుస్తకాలు రాసిండట. ఆఖరి పుస్తకం చూసి తోటి పండితులే నవ్విండ్రట.

"గంత తప్పు ఏం రాసిండ్రు బాపు?" అని అడిగిన.

"మనిషి చెట్లను పెంచలేదు, చెట్లే మనిషిని పనికి పెట్టుకున్నయని రాసిన. గునుగును ఎవలన్న విత్తుతరా బిడ్డా? చేన్ల కలుపని పీకుతరు. పండుగొస్తే మీరే నెత్తిన మోసుకపోయి ఊరంత గింజలు రాలుస్తరు. దాని పని పాటలు పాడుకుంట చేసిపెడుతున్నరు."

మా బతుకమ్మను గిట్లంటడా అని నాకు మస్తు కోపమొచ్చింది. కట్టను అవతలికి జరుపుకున్న. ఆయన సీటు మీద రాలిన నల్ల గింజలు ఏరి, కనకమామిడి దాటంగనే కిటికీలకెళ్లి చల్లిండు. మొయినాబాద్‌ల దిగిపోయిండు.

ఆ దారిన పోయినప్పుడల్ల కిటికీలకెళ్లి చూస్త.

మొన్న మా అపార్ట్‌మెంట్ గేటు కాడ గునుగు మొలిచింది. వాచ్‌మన్ పీకబోతుంటే "జర ఆగన్నా, ఉండనీ" అన్న.

ఆ మాట నేనే అన్ననో, గునుగే అనిపిచ్చిందో నాకైతే తెల్వది.