సెలూన్ బావకు రాని జడ

మా అక్క మొగుడికి కుదురు లేదు. సెలూన్‌లో కత్తెర పట్టుకున్నంతసేపే మనిషి ఒకచోట నిలబడతాడు. షట్టర్ దించాడంటే కాలుగాలిన పిల్లిలా మా చర్చి సంఘంలోని రోగుల ఇళ్లన్నీ తిరుగుతాడు. మంచం పట్టినవాళ్లకు గడ్డం గీస్తాడు, గోళ్లు తీస్తాడు, పైసా పుచ్చుకోడు. మంచి పనే, కాదనను. కాకపోతే ఎవరికి గీశాడో, ఆ రోగి ఎలా కన్నీళ్లు పెట్టుకున్నాడో మర్నాటికి అందరికీ తెలిసిపోతుంది. చెప్పేది ఆయనే.

ఇంట్లో సంగతి వేరు. పక్షవాతం వచ్చి అక్క కుడి చెయ్యి పడిపోయింది. రోజూ నేనే వెళ్లి తల దువ్వేదాన్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఆయన మొహం మీదే అన్నాను. నవ్వి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత జ్వరం వచ్చి కొన్నాళ్లు అటు పోలేకపోయాను. లేచి తిరిగేసరికి ఆదివారం, సంఘానికి కొత్త పెద్దను నిలబెట్టే రోజు. బావ పేరే అనుకుంటున్నారు. పాస్టరుగారు పిలిచినప్పుడు ఆ మనిషి అక్కడుండి లేచి నిలబడాలి. లేకపోతే తర్వాతి పేరు పిలుస్తారు, అది మా పద్ధతి. ఆ పిలుపు కోసం బావ ఎన్నేళ్లుగా కాచుకున్నాడో నాకు తెలుసు.

నేను వెళ్లేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అక్క మంచం మీద కూర్చునుంది. జుట్టంతా అట్టకట్టి ఉంది.

"ఏవండీ, వెళ్లేముందు ఈ జుట్టు కత్తిరించేసి వెళ్లండి," అంది అక్క.

"పిచ్చా ఏంటే నీకు?"

"అందరి తలలూ చూస్తారుగా, నా తలే కనబడలేదు మీకు. దురదతో నిద్ర పట్టట్లేదు. తీసేస్తే పీడా పోతుంది."

అక్క గొంతులో కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది. బావ కత్తెర తెచ్చాడు, జుట్టు పట్టుకున్నాడు, ఆగిపోయాడు. కత్తెర పక్కన పడేసి, నూనే దువ్వెనా అందుకుని అక్క వెనకాల చతికిలబడ్డాడు.

"వేళవుతోంది బావా. చిక్కు నేను తీస్తాలెండి, మీరు వెళ్లండి," అన్నాను.

"నువ్వు ఊరుకో."

మందిరం గంట మోగింది. మాటిమాటికీ వాకిలివైపు చూస్తున్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు మాత్రం ఆగలేదు. చిక్కంతా విడిపోయాక జడ వేయబోయాడు. ఎంతమందికి జుట్టు కత్తిరించిన మనిషో, జడ అల్లడం రాలేదు! విప్పి మళ్లీ అల్లాడు. ఎలా అల్లాలో నేను చూపించాను.

మేం ముగ్గురం మందిరానికి చేరేసరికి వేదిక దగ్గర ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. పాస్టరుగారు ఆయన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తున్నారు. బావ మొహం పాలిపోయింది. అక్కను చివరి బల్లమీద కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక ఒకావిడ ఎదురొచ్చింది. "మీ పేరు రెండుసార్లు పిలిచారండీ! ఏ రోగి దగ్గర ఉండిపోయారు?"

ఇంకేముంది, మొదలుపెడతాడు అనుకున్నాను.

"ఇంట్లో పని మిగిలిపోయిందండీ," అని, వంగి అక్క కాళ్లకు చెప్పులు తొడిగాడు.