సరోజమ్మ టీచర్ కొట్టేయించుకున్న మార్కులు

సూది గుచ్చే ముందు రాసే స్పిరిట్ వాసన తగిలితే చాలు, నాకు అత్తిమంజేరిపేట సరోజమ్మ టీచర్ గుర్తొస్తారు. బళ్లో నాకు తెలుగు నేర్పిన మనిషి. చాలా ఏళ్లకు, తిరువళ్లూరులో నేను పనిచేసే ఆసుపత్రికి ఆవిడే పేషెంటుగా వచ్చారు. అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్ల మీద అక్కడ ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. ఆవిడా ఆ జబ్బుతోనే, ఆ పరీక్షలో చేరడానికి వచ్చారు. అయినా నిబ్బరంగా ఉన్నారు. కొందరికి మందు, కొందరికి ఉత్త సెలైన్ ఎక్కిస్తామని, ఎవరికేదో మాకూ తెలియదని చెప్పాను.

"ఉత్త నీళ్లే వస్తే రానీ పాపా. రెండు పక్కలా మనుషులుంటేగదా మందు సంగతి తెలిసేది," అన్నారు.

మధ్యమధ్య జ్ఞాపకశక్తి పరీక్ష ఉండేది. కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడుగుతారు. ఒకసారి టీచర్ అన్నీ గడగడా అప్పజెప్పేశారు. డాక్టరుగారు సంబరపడిపోయారు. టీచర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఈ మార్కులు కొట్టేయండి డాక్టర్. పోయినసారి మా సారు తలుపవతల నిలబడి ఈ మాటలన్నీ విన్నాడు. ఈపొద్దు తిరుత్తణిలో రైలెక్కినకాడి నుంచి కడంబత్తూరు దాకా నాచేత బట్టీ పట్టించినాడు."

ఆవిడ భర్త నరసింహులు సార్‌ను లోపలికి పిలిచాం. ఆయనా పంతులే. పాపం, తల ఎత్తలేకపోయారు.

"మార్కులు తగ్గితే ఈమెను తీసేస్తారని భయపడినానమ్మా. మందు నిలిచిపోతే ఈమె నన్ను మరిచిపోతాది గదా."

టీచర్ ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మరిచిపోతే పోతాను. నా దొంగ మార్కులు నమ్మి, పనిజేయని మందును ఊరందరికీ ఎక్కిస్తే ఏంజేస్తావు?"

ఆ గదిలో నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. డాక్టరుగారు ఉన్నదున్నట్టు పైవాళ్లకు రాశారు. ఆ మార్కులు పక్కనపెట్టి టీచర్‌ను కొనసాగించమని జవాబొచ్చింది. అప్పటి నుంచి పరీక్ష వేళకు సార్‌ను టీ కొట్టుకు పంపేవాళ్లం. ఆయనా నవ్వుతూనే వెళ్లేవారు.

అంతా ముగిశాక తెలిసింది, టీచర్‌కు ఎక్కింది ఉత్త సెలైనే. ఆ మాట చెబుతూ నేను ఏడ్చేశాను. ఆవిడే నన్ను ఓదార్చారు. "ఏడవద్దు పాపా. నా మరుపు ఎంతుందో సరిగ్గా చెప్పినాను. దాన్ని పెట్టుకునేగదా మందును కొలిచేది!"

ఈమధ్య టీచర్ ఇంటికి వెళితే ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. ఏం పని చేస్తావని అడిగారు. రోగులు చెప్పింది రాసిపెట్టే పని అన్నాను.

"నిజమే రాస్తాండావా?"

"రాస్తున్నాను టీచర్."

ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూశారు. "అట్లయితే నువ్వు నా దగ్గర చదువుకున్న పిల్లవే," అన్నారు.