సర్పంచ్ తప్పేం లేదు మేడమ్!

ఆ రోజుల్లో ఓపిక అనేది ఎదుటివాళ్లకు ఉండవలసిన గుణమని నాకు గట్టి నమ్మకం. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీయబోయి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి. లిఫ్టు బటన్ నొక్కి, అది వచ్చేలోపు ఆరంతస్తుల మెట్లూ ఎక్కేసి, ఆయాసపడుతూ గెలిచాననుకున్నవాణ్ణి. ‘ఆత్రగానికి బుద్ధి మట్టు’ అని మా అమ్మ నన్ను చూసే అనేది. అలాంటి నన్ను కువైట్‌లో ఏ పనిలో పెట్టారనుకున్నారు? తొందరపాటును కొలిచే చోట!

అంతకుముందు రెండేళ్లు అమ్ఘరాలోని తుక్కు యార్డులో ఇనుము మోశాను. అక్కడి ఫోర్మన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ‘యల్లా, యల్లా’ అని తరిమేవాడు (పదండి, కానివ్వండి అని అర్థం, ఆయన నోట మాత్రం తిట్టే). ఆ మాట నా నాలుకకు అంటుకుపోయింది. అన్నం వడ్డించమన్నా యల్లా, బస్సు కదలకపోయినా యల్లా. మేమంతా కలిసి ఉండే గదిలో నా పేరే ‘యల్లా’ అయిపోయింది. తర్వాత మా క్లీనింగ్ కంపెనీ నన్ను షువైఖ్‌లో ఒక పరిశోధనశాలకు పంపింది. ఎలుకల బోన్లు కడగాలి, మేత వేయాలి, వాటిని పరీక్ష పెట్టెలో వదలాలి. ఏసీలో పని, పైగా ఎలుకలు తిట్టవు. ఇంకేం కావాలి?

అక్కడి డాక్టరమ్మది కాకినాడ వైపు. మాట మెత్తన, లెక్క గట్టి. మొదటి రోజే పెట్టె చూపించి చెప్పింది: “ఎలుక లోపలికెళ్లి ఐదు సెకన్లు ఆగాలి. లైటు వెలిగాక ఆ కన్నంలో ముక్కు పెడితే చక్కెర బిళ్ళ వస్తుంది. వెలగకముందే పెట్టిందనుకో, బిళ్ళ లేదు, తొందరపాటు కింద ఒక గీత. ఇదొక్కటే కాదయ్యా. ఆగమన్నాక ఆగలేకపోవడం ఇంకో రకం. కాసేపాగితే నాలుగు బిళ్ళలొస్తాయని తెలిసీ ఇప్పుడే ఒకటి చాలనుకోవడం మరో రకం. ఒకదాంట్లో తప్పిన ఎలుక ఇంకోదాంట్లో పాసవ్వచ్చు.” (మా అమ్మ ఒక్క సామెతతో సరిపెట్టినదాన్ని ఈమె మూడు ముక్కలు చేసింది.) చివర్లో మరీ మరీ చెప్పింది, “పెట్టె తలుపు గట్టిగా మూసెయ్యాలి. బయటి చప్పుడు లోపలికెళ్లకూడదు.”

అన్నిటికీ మూశాను, ఒక్కదానికి తప్ప. పదకొండో నంబరు ఎలుక. బొజ్జ, చిరిగిన చెవి, పంచాయితీకి వచ్చినట్టు నడక. నేను పెట్టిన పేరు సర్పంచ్. వాడి ఆట చూడాలని తలుపు వేలెడు సందు ఉంచేవాణ్ణి. నెల తిరిగేసరికి వాడి కాగితం నిండా గీతలే. “వీడిది పుట్టు తొందర. ఆదివారం తీసేద్దాం,” అంది డాక్టరమ్మ. తీసేయడమంటే ఏంటని నాతో పనిచేసే నేపాలీ అన్నను అడిగితే మెడ మీద వేలు గీసి, “ఖలాస్, భాయ్,” అన్నాడు.

ఆ సాయంత్రం మేత గిన్నె పట్టుకుని అలవాటుగా “యల్లా!” అన్నాను. సర్పంచ్ ఒక్క ఉరుకున వచ్చి చువ్వల సందులో ముక్కు పెట్టాడు. వాడికి యల్లా అంటే తిండి! పెట్టె బయట నిలబడి, ఐదు సెకన్లు కూడా ఆగలేక, సందులోంచి ‘యల్లా, యల్లా’ అన్నది నేనే. ఆ కాగితం మీది గీతలన్నీ నావి.

శుక్రవారం గదిలో ఉల్లిగడ్డలు కోస్తూ మామకు చెప్పాను (సొంత మామ కాదు, నిజామాబాద్ మనిషి, గదికి పెద్ద). ఆయన కత్తి కింద పెట్టాడు. “ఎలుక కోసం నౌకరి పోగొట్టుకుంటవారా? నీ ఇఖామా నెల రోజుల్ల అయిపోతుంది. ఆమె ఒక్కమాట అన్నదంటే మల్ల అమ్ఘరనే. కాలు జారితే తీస్కోవచ్చు, నోరు జారితే తీస్కోలేం. నోర్మూస్కొని ఉండు.” సరేనన్నాను (ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది పోతే అన్నీ పోయినట్టే). ఒట్టు కూడా వేశాను.

ఆదివారం పొద్దున్నే డాక్టరమ్మ పిలిచింది. “ఇదిగో, నిన్నొకటి అడగాలి...”

“నేనే మేడమ్! యల్లా అన్నది నేనే! తలుపు సందు పెట్టింది గూడ నేనే! సర్పంచ్ తప్పేం లేదు మేడమ్, ఆన్ని ఖలాస్ చెయ్యకుండ్రి. తీసేస్తే నన్ను తీసెయ్యుండ్రి!”

ఆమె కలం ఆగిపోయింది. “సర్పంచ్ ఎవరు?”

అంతా చెప్పాను. “మీ ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త పసుపు తెప్పిస్తావా అని అడుగుదామనుకున్నానయ్యా,” అంది చివరికి. “లైటు వెలగకముందే ముక్కు పెట్టేశావు!” నవ్వింది. వెంటనే నెల రోజుల కాగితాలు గుర్తొచ్చి చెడామడా తిట్టింది కూడా. తర్వాత నాలుగు రోజులు తలుపు మూసి ఆమే పరీక్షించింది. ఆ గదిలో సర్పంచ్ అంత ఓపికమంతుడు ఇంకో ఎలుక లేడట! వాడు బతికాడు, నా ఇఖామా కూడా. కాకపోతే పెట్టె దగ్గరికి వెళ్తే మూతికి రెండు మాస్కులు కట్టుకోవాలని షరతు.

ఇప్పుడు అక్కడే తెల్ల కోటు వేసుకుని పెట్టెలు నడుపుతున్నాను. ఎవరేం అడిగినా మనసులో ఐదు లెక్కపెట్టి కానీ నోరు విప్పను. “మనిషివైనవురా,” అంటాడు మామ. నిజమే. కానీ ఆ ఆదివారం కూడా ఐదు లెక్కపెట్టి ఉంటే పసుపు గురించి రెండు ముక్కలు మాట్లాడి బయటికొచ్చేసేవాణ్ణి. మొన్న డాక్టరమ్మనే అడిగాను, అలాంటి తొందర మీ మూడు రకాల్లో దేని కిందికొస్తుందని. ఆమె ఆలోచించి, “దానికి ఇంకా పెట్టె చెయ్యలేదయ్యా,” అంది. లెక్కపెట్టడం నాకు బాగానే వచ్చింది. ఐదయ్యేసరికి చెప్పాల్సిన మాటను మింగేయడమూ వచ్చింది. అలా మింగినప్పుడల్లా ఆనాటి నాలోని యల్లాగాడు గుర్తొచ్చి, వాడి మీద నవ్వూ వస్తుంది, కాస్త బెంగా కలుగుతుంది.