మేం ఊడ్చిన అడవి

ఆ రోజుల్లో మా ఉద్దానంలో ఆడపిల్ల పనితనం చీపురు పట్టిన తీరులోనే తెలిసిపోయేది. కొబ్బరి ఈనెల చీపురుతో నేను ఊడ్చానంటే ఇసుక మీద చీపురు గీతలు తప్ప చీమ అడుగు కూడా కనిపించకూడదు. శనివారం శనివారం మా చర్చి వాకిలి ఊడ్చేది నేనే. పాస్టరమ్మగారు ఒకసారి "ఈ పిల్ల ఊడ్సిన సోట అన్నం ఎట్టుకు తినీయొచ్చు" అన్నారు. అప్పటినుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ గర్వమే తొమ్మిదో తరగతిలో మా కొంప ముంచబోయింది.

మా హైస్కూలు వెనక ఎవరూ దున్నని ఇసుక నేల ఉండేది. కొన్ని ముసలి జీడిమామిళ్లు, మొగలి పొదలు, వానలకు నిండే ఒక గుంట. స్కూలుకి లేబరేటరీ లేదు కనక సైన్సు మాస్టారు పాఠాలు అక్కడే చెప్పేవారు. మేకలు రాకుండా కంచె కట్టింది మేం, ఎండాకాలం లేత మొక్కలకు బిందెలతో నీళ్లు మోసింది మేం (ఇంట్లో బిందెడు నీళ్లు తెమ్మంటే మాత్రం నడుం నొప్పి). దాన్ని మేం 'మా అడవి' అనేవాళ్లం. స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు మాత్రం "పనికిమాలిన తుప్ప" అనేవారు. చదును చేయించి కొబ్బరి మొక్కలు వేయిస్తానని ఆయన పట్టు. చివరికి జిల్లా విద్యాశాఖ పెద్దాఫీసరుగారు వచ్చి, చూసి, తేలుస్తారన్నారు.

ఆఫీసరుగారు రావడానికి ముందురోజు మాస్టారు పనిమీద టెక్కలి వెళ్లారు. ఇంకేముంది, అడవి నా చేతికొచ్చింది! ఆడపిల్లలందరికీ చీపుర్లిచ్చాను. ఎండుటాకు ఒక్కటి మిగల్చలేదు. మగపిల్లలు జీడిచెట్ల మొదళ్లకు సున్నం కొట్టి ఎర్రటి జాజు పట్టీలు వేశారు. చీమల పుట్ట చుట్టూ నేనే స్వయంగా నక్షత్రం ముగ్గు పెట్టాను. సాయంత్రం బస్సు దిగి వచ్చిన మాస్టారు సున్నం పట్టీల నుంచి ముగ్గు దాకా చూసుకుంటూ వచ్చారు.

"ఏటే ఇది? అడివా, పెళ్లివారి వాకిలా?"

"శుబ్రం సేసినామండి," అన్నాను, మెప్పు కోసం చూస్తూ.

ఆయన తిట్టలేదు, వేలు పెట్టి చూపించారు. మొగలి పొద పక్కన ఆకుల మాటున ఉండాల్సిన పూరేడు పిట్ట గుడ్లు బట్టబయలుగా పడున్నాయి. పైన కొమ్మ మీద కాకులు. "ఓలమ్మో, పదండర్రా!" అంటూ పోగేసిన ఆకులన్నీ ఓణీల్లో మూటగట్టి తెచ్చి, పొద్దు గుంకే దాకా మళ్లీ పరిచాం. ఊడ్చిన చెత్తను వెనక్కి తెచ్చి వేసిన ఆడపిల్లలు మా జిల్లాలో మేమే అయ్యుంటాం.

మర్నాడు మా హెడ్మాస్టరుగారు, మాస్టారు వెంట రాగా ఆఫీసరుగారు వచ్చారు. పక్కనే ప్రెసిడెంటుగారు "అంతా సెత్తేనండి, సూడండి" అంటూ నడుస్తున్నారు. ఆఫీసరుగారి బూటు సరిగ్గా మొగలి పొద దగ్గరికి వచ్చింది. నాకు ఒళ్లు తెలియలేదు.

"ఆగెహె! కాలెత్తు!"

పిట్ట ఆకుల్లోంచి భుర్రుమని లేచింది. అంత పెద్ద ఆఫీసరూ ఒంటికాలి మీద నిలబడిపోయారు. హెడ్మాస్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసరుగారు కిందికి వంగి గుడ్లు చూసి, "ఈ ఆకులు ఎందుకు ఊడవలేదమ్మా?" అన్నారు.

"ఊడిసీసినామండి. తప్పని తెలిసి మల్లీ ఏసినామండి," అన్నాను. ఆకులుంటే పిట్టకి మాటు, చెట్టుకి ఎరువు, ఇసుకకి కాపు అని మాస్టారి దగ్గర విన్నదంతా చెప్పాను. ఆయన పకపకా నవ్వి, ప్రెసిడెంటుగారి వైపు తిరిగి "దీని జోలికి వెళ్లకండి" అన్నారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారంతే. ఆ రోజు నాకు కలిగిన గర్వం తర్వాత పెళ్లిలో కూడా కలగలేదు (మా ఆయన ఇది చదవరు లెండి).

మొన్న మా స్కూలున్న పూండి వెళ్లినప్పుడు ఆ అడవి చూడబోయాను. గుంట నిండుగా ఉంది. చెయ్యి ఊరుకోక ఒక ఎండుటాకు తీశానో లేదో, రెండు జడల పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చింది.

"ఆకులు తియ్యకూడదాంటీ. రూలు."

"ఎవరెట్టినారమ్మా?"

"ఎప్పుడో మొద్దుపిల్లలు ఓపాలి అడివంతా ఊడిసీసినారంట. అప్పట్నుంచి."

"ఆ మొద్దుపిల్లల లీడర్ని నానే," అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఆకు కిందెట్టండి ముందు," అంది.

పెట్టేశాను.