ఈసా టౌన్‌లో కొన్న ముత్యాల గుండు

బహ్రెయిన్ చూడాలని నాకెప్పుడూ లేదు. మా బామ్మర్ది శ్రీనివాస్ అక్కడ ఒక కంపెనీ స్టోరులో పనిచేస్తున్నాడు. "బావా, ఒక్కసారన్న అక్కను తీస్కొని రాండ్రి" అని ఆరేళ్ళుగా ఫోన్లు చేస్తుంటే, కరీంనగర్ ఎండ చాలలేదన్నట్టు మే నెలలో మా ఆవిడ విజయతో కలిసి బయలుదేరాను. మా వీధి వాళ్ళకు మాత్రం నేను దుబాయి వెళ్ళాను. ఎంత చెప్పినా అది దుబాయే. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను కాబట్టి అరబ్బుల సంతల గురించి, ముత్యాల వ్యాపారం గురించి నాకు తెలియనిదంటూ లేదు. చూడకుండానే ఇన్నేళ్ళు ఇంత చెప్పినవాడు చూసొస్తే ఇంకెంత చెబుతాడోనని మా స్టాఫ్‌రూం వాళ్ళు భయపడ్డారు.

రాజధాని మనామాలోని నయీమ్ పేటలో శ్రీనివాస్ గది. అక్కడి నుంచి మనామా సూక్‌కు, అంటే పాత బజారుకు, నడిచే పోవచ్చు. వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా దుకాణాలు మూస్తారు. ఇది తెలియక మేము బుధవారం ఒంటిగంటకు వెళ్ళి, మూసిన షట్టర్లను గంటసేపు సందర్శించి వచ్చాం. ఫొటోలు కూడా తీసుకున్నాం.

గురువారం బుద్ధి తెచ్చుకుని సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళాం. బాబ్ అల్ బహ్రెయిన్ అనే తెల్లటి కమాను దాటితే సందులు మొదలవుతాయి. అరబ్బుల సంత అంటే ఒంటెలు, గడ్డాలు, అత్తరు పెట్టెలు అనుకున్నాను. కనబడింది మలయాళీ. అత్తరు అమ్మేది మలయాళీ, మూట మోసేది బంగ్లాదేశ్ మనిషి, బట్టలు చైనావి, కొనేది మనం. అరబ్బులు లేకపోలేదు. ఏసీ కార్లో కూర్చుని హారన్ కొడుతున్నారు, దుకాణం మనిషి సరుకు పట్టుకుని ఎండలోకి పరుగెత్తుతున్నాడు. విజయ కుంకుమపువ్వు, ఖర్జూరం, రెండు సెంటు సీసాలు కొన్నది. నేను బేరం చేసినచోటల్లా రెండు వందల ఫిల్సులు, అంటే దీనారులో ఐదో వంతు, తగ్గించి పుణ్యం కట్టుకున్నారు. రెండు చాయ్‌లు తాగి, నాలుగు సమోసాలు తిని ఏడింటికి గది చేరాం.

"ఇది టూరిస్టుల సంత. అసలైన పాత వస్తువు ఒక్కటి లేదు" అన్నాను శ్రీనివాస్‌తో.

"ఈసా టౌన్ల శుక్రారం పాత సామాన్ బజారుంటది బావా. నాకు రేపు ఓవర్‌టైం ఉన్నది. మీరిద్దరే పొద్దుగాల పోయి రాండ్రి" అన్నాడు. వదిలించుకున్నాడని నాకు తరవాత అర్థమైంది.

శుక్రవారం ఏడున్నరకు బస్సు, మనిషికి రెండు వందల ఫిల్సులు. ఎనిమిదింటికి దిగాం. అప్పటికే నేల కాలుతోంది. రేకుల షెడ్ల కింద, షెడ్ల బయట, ఎక్కడ పడితే అక్కడ దుప్పట్లు పరిచి సామాను పోశారు. రెక్కలు లేని ఫ్యాన్లు, ఫ్యాన్లు లేని రెక్కలు, ఒంటి చెప్పులు, టీవీ లేని రిమోట్లు. వందేళ్ళ అరబ్బు సంస్కృతి కోసం వెతుకుతున్న నాకు ఇడ్లీ పాత్ర కూడా దొరికింది.

పది గంటలకు ఒక ఇనుప సామాను కుప్పలో అది కనబడింది. పిడికెడంత ఇత్తడి గుండు. కింద మొన, పైన తాడు కట్టే బెజ్జం, పక్కన మూడు గీతలు. వంగి రెండు చేతులతో తీశాను. అమ్మే ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి.

"ఇదేంటి భాయ్?" అన్నాను.

"ఏమో సాబ్. లాట్‌ల వచ్చింది. ఒక్క దీనార్ ఇవ్వండి" అన్నాడు.

తెలియనివాడికి తెలియజెప్పడం నా వృత్తి. పూర్వం ఇక్కడి వాళ్ళు కాలికి బరువు కట్టుకుని సముద్రంలో దిగి ముత్యపుచిప్పలు తెచ్చేవారని, ఇది అలాంటి బరువేనని, ఈ మూడు గీతలు బహుశా దొరికిన మూడు పెద్ద ముత్యాల గుర్తులని వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నేను చెప్పేకొద్దీ ధర పెరిగింది.

"హా సాబ్, కరెక్ట్. అసలైన పాత సామాన్. పది దీనార్లు" అన్నాడు చివరికి.

బేరం ఐదు దీనార్లకు తెగింది. అప్పటి మన డబ్బుల్లో ఐదారు వందలు. విజయ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది మా నాయిన గుండు లెక్కనే ఉన్నది గదా. గోడ సక్కగ లేస్తున్నదా లేదా అని దారం కట్టి ఏలాడదీసేటోడు."

మా మామగారు మేస్త్రి. మంచి మనిషే, కానీ ఆయనకు ముత్యాల చరిత్రతో ఏం సంబంధం? ఆ మాటే అన్నాను. విజయ గుండును నా చేతిలో పెట్టేసింది. స్కూల్లో అద్దాల బీరువాలో ఇది ఎక్కడ పెట్టాలో, కింద అట్ట మీద ఏం రాయాలో ఆలోచిస్తూ పదకొండింటి బస్సెక్కాను.

మా ముందు సీట్లో నలభై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో సిమెంటు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో తాపీ, రసమట్టం. మా మాటలు విని వెనక్కి తిరిగాడు.

"మీరు మన దిక్కేనా సార్? మాది మెట్‌పల్లి దగ్గర."

మనామాలో బస్సు మారి మామీర్‌లో కూలీల క్యాంపుకు పోవాలట. నేను అడగకుండానే చెప్పుకొచ్చాడు. "నాలుగేండ్ల సంది హెల్పర్నే సార్. రేపు పొద్దుగాల ఆరింటికి మేస్త్రి పనికి పరీక్ష పెడుతుండ్రు. గోడ మూల కట్టి సూపియ్యాలె. పాసయితే మేస్త్రి జీతం. లేకుంటే కాంట్రాక్టు ఖలాస్, ఇంటికి పంపుతరు. ఎవని సామాన్ వాడే తెచ్చుకోవాలన్నడు ఫోర్‌మన్. అన్ని దొరికినయి గని గుండు దొరకలే. బజార్ల ఒక్కటే ఉండెనట, పొద్దుగాల ఎవరో సార్ కొనుక్కపోయిండట. ఇయ్యాల శుక్రారం, హార్డ్‌వేర్ దుకాణాలు బందున్నయి."

విజయ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బహ్రెయిన్ అందాలు చూశాను. ఆమె నా సంచిలో చెయ్యి పెట్టి దాన్ని తీసి "గిదేనా సూడన్నా" అన్నది.

ఆయన ముఖం వెలిగిపోయింది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగగానే, జేబులోంచి దారం తీసి గుండుకు కట్టి, ఒక కన్ను మూసి కిటికీ అంచు పక్కన వేలాడదీశాడు. గుండు కాసేపు ఊగి నిలిచింది.

"మంచి గుండు సార్. గిది మీరేం చేసుకుంటరు?"

ముత్యాల పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పూర్తిగా విన్నాడు పాపం.

"అయితే గూడ సార్, రేపొక్క పూటకు ఇయ్యున్రి. పగటి వరకు మీ రూముకు తెచ్చిస్త."

"రేపు పొద్దున తొమ్మిదిన్నరకే మా విమానం."

"పైసలిస్త సార్. ఎంతకు కొన్నరు?"

ఐదు దీనార్లని చెప్పాను. ఆయన గుండును అరచేతిలో పెట్టుకుని మరోసారి చూశాడు. తరవాత తనే తప్పు చేసినట్టు గొంతు తగ్గించి, "గిది అద్ద దీనార్‌ది సార్" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాట అనకపోతే ఇచ్చేవాణ్ణి. "నీకేం తెలుసయ్యా? ఇది పాత వస్తువు. అమ్మేది కాదు" అని గుండు లాక్కుని సంచిలో వేసుకున్నాను.

"ఇచ్చెయ్యున్రి" అన్నది విజయ.

"నువ్వూరుకో."

"తప్పయింది సార్" అని ఆయన ముందుకు తిరిగి కూర్చున్నాడు. మనామా బస్టాండులో దిగేటప్పుడు విజయతో "పోయొస్త అక్కా" అన్నాడు. నాకూ దండం పెట్టాడు. నేను తల ఊపాను, అధికారిలాగా. ఆ సాయంత్రమంతా విజయ శ్రీనివాస్‌తోనే మాట్లాడింది.

శనివారం ఆరింటికి టాక్సీలో ముహర్రక్ వంతెన దాటి విమానాశ్రయం చేరాం. పెట్టెలు లోపలికి పంపేశాం. ముత్యాల గుండు మాత్రం విలువైనది కదా, చేతి సంచిలో పెట్టుకున్నాను. ఏడుంబావుకు తనిఖీ దగ్గర ఆపారు. నాలుగు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి అరబ్బు ఆ తనిఖీ అధికారి. గుండును దారంతో ఎత్తి పట్టుకుని నా ముఖం ముందు ఊపాడు. ఆ దారం బస్సులో ఆయన కట్టినదే, విప్పలేదు.

వచ్చీరాని ఇంగ్లీషులో ముత్యాల సంగతి చెప్పబోయాను. ఆయన నవ్వి, పక్కాయనకు చూపించి, హిందీలో అడిగాడు: "తుమ్ మేస్త్రీ హై?"

మొన ఉంది, బరువుంది, విమానంలోకి పనికిరాదట. పెట్టెలు వెనక్కి రావు. "ఖలాస్, యల్లా" అని, ఇక కదలమన్నట్టు చెయ్యూపి, దాన్ని కత్తెరలు, గోళ్ళు తీసే కట్టర్లు ఉన్న డబ్బాలో పడేశాడు. దభీమని చప్పుడైంది. గోడ మీది గడియారంలో ఏడూ ఇరవై. మామీర్‌లో ఆ పరీక్ష గోడ అప్పటికి నాలుగైదు వరసలు లేచుంటుంది. ఆ మెట్‌పల్లి ఆయన నిలువు దేంతో చూసుకుంటున్నాడో, కంటితోనే చూసుకుంటున్నాడో.

విమానం లేచాక, వెళ్ళబోయేవాళ్ళ కోసం నాలుగు మంచి మాటలు రాద్దామని పుస్తకం తీశాను. అరబ్బు సంతల్లో మోసపోతారు జాగ్రత్త అని అందరూ చెబుతారు. నన్నక్కడ ఎవరూ మోసం చెయ్యలేదు. అమ్మినవాడు తెలియదనే చెప్పాడు, భార్య గుండు అనే చెప్పింది, బస్సులో ఆయన ధర కూడా చెప్పాడు. అరవై మంది పిల్లలకు పాఠం చెప్పే నాకు ఒక్క మాట కూడా ఎక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

నిన్న మధ్యాహ్నం తరవాత మొదటిసారి విజయ నాతో నోరు విప్పింది.

"ఇంటికి పోయినంక తమ్మునికి ఫోన్ చేద్దాం. ఆయన పాసయిండో లేదో కనుక్కొని చెప్తడు."

"చేద్దాం, దిగగానే చేద్దాం" అన్నాను, పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి. "పాస్ కాకుంటే మీ తమ్ముడి కంపెనీలో ఏదన్నా పని చూడమందాం."

"మీరు అంత సేపు మాట్లాడిన్రు గదా. ఆయన పేరేంది?"

ముత్యాల గురించి రెండుసార్లు చెప్పాను ఆయనకు. పేరు అడగలేదు.