జెండాకి ఆవకాయ మరక

ఇవాళ ఆవకాయ సీసా మూత తీయగానే చిన్నప్పటి పాసిర్ రిస్ బీచ్ క్యాంపు గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

గర్ల్ గైడ్స్‌లో తిరిగిన మీకు తెలుసుగా, జెండా మోయడమంటే ఎంత గొప్పో! ఆసారి అది నా వంతు, అందుకే జెండా ముందురోజే మా ఇంటికొచ్చింది. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం మేం సింగపూర్ వచ్చిన కొత్త రోజులవి. క్యాంపు తిండి నాకు సహించదని అమ్మ బ్యాగులో ఆవకాయ సీసా పెట్టింది, పగలకుండా చేతికందిన మెత్తటి గుడ్డ చుట్టి.

సముద్రం ఒడ్డున అందరూ వరుసగా నిలబడ్డాక జెండా కోసం బ్యాగు తెరిచాను. సీసాకి చుట్టిన గుడ్డే మా జెండా. నడుమ ఎర్రటి నూనె మరక.

"వాట్ స్మెల్, ఆ? సో స్ట్రాంగ్!" అంది పక్కనున్న పిల్ల.

దాన్నే ఎగరేశాం. అందరూ తలెత్తి సెల్యూట్ చేశారు. నేను నా బూట్లకి చేశాను.

ఇంటికి రాగానే అమ్మ, "అందరికీ పెట్టావా తల్లీ? సరిపోయిందా?" అంది.

"సరిపోయిందమ్మా" అన్నాను.