ఆదివారం నాకు సెలవు

పారే అనే ఊళ్లో ఇంగ్లీషు వినపడని సందు లేదు. జావా నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి, సైకిళ్లు అద్దెకు తీసుకుని, ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకు పరుగెడుతుంటారు. రిక్షా తొక్కే ముసలాయన కూడా బేరం ఇంగ్లీషులోనే ఆడతాడు. ఆ ఊరి చివరి సందులో, బోర్డన్నదే లేని ఒక వసారాలో, పొద్దున పూట వేరుశనగ పచ్చడి వేసిన పెచెల్ అన్నం అమ్మి, గిన్నెలు కడిగేసి, అక్కడే చాప పరిచి పాఠం చెప్పే మనిషి సువర్తి. పెద్దా చిన్నా అందరికీ ఆవిడ 'బూ'. తల్లి వరస అన్నమాట.

ఆవిడ దగ్గరికి వచ్చేది కాలేజీ పిల్లలు కాదు. హాంకాంగ్ ఇళ్లల్లో పనికి పోబోయే ఆడపిల్లలు. ఏజెన్సీ వాళ్లు జుట్టు కత్తిరించి, ఒకే రంగు చొక్కాలు తొడిగి హాస్టల్లో ఉంచిన వాళ్లు. వాళ్లకు సువర్తి మొదలుపెట్టేది సింపుల్ ప్రెజెంట్‌తో. చాలా రోజులు అందులోంచి కదలదు కూడా.

"ఏం బూ, మీ పిల్లలకు నిన్నా రేపూ లేవా?" అని ఎదురింటి కోర్సు మాస్టారు ఎకసెక్కమాడతాడు.

"నిన్నటికి ఏడుపులే ఉన్నాయి. రేపటి సంగతి ఏజెంటు చూసుకుంటాడు, వాడి నోటి నిండా రేపే. నా పిల్లలకు ముందు రోజూ ఉండే సంగతి చెప్పుకోవడం రావాలయ్యా" అంటుంది సువర్తి.

మన జావా మాటల్లో కాలాన్ని బట్టి క్రియ మారదు. అందుకే పిల్లలకు ఇది ఓ పట్టాన ఎక్కదు. సువర్తి గరిటె పట్టుకుని చెబుతుంది: "ఇప్పుడు ఈ గరిటె నా చేతిలో ఉంది, అది ఈ క్షణం సంగతి. నేను రోజూ వండుతాను. నిద్రపోతున్నా సరే, నేను వండే మనిషినే. ఆ మాట చెప్పే కాలం ఇది. ఐ కుక్. మరి ఆవిడ వండితే?"

"షీ కుక్!"

"చివర 'స్' ఎక్కడే? నూనెలో టెంపే ముక్క వేస్తే ఏమంటుంది?"

"స్స్స్!" వసారా అంతా బుసకొట్టి నవ్వుతుంది.

అన్నిటికన్నా కష్టం 'ఐ డు నాట్' అనిపించడం. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల ఎదుట కాదనడం పెంపకంలోనే లేదు. ఏం చెప్పినా తల వంచి 'ఇంగ్గీ' అంటాం. విన్నానని దాని భావం, ఒప్పుకున్నానని కాదు. ఆ సంగతి హాంకాంగ్ యజమానురాలికి ఎలా తెలుస్తుంది? పడుచుతనంలో సువర్తి అక్కడ పనిచేసినప్పుడు, "ఆదివారం కూడా చేస్తావుగా?" అని ఆవిడ అడిగింది. సువర్తి తల వంచి అవునంది. చట్టం ఇచ్చిన సెలవు అలా పోయింది. తన కంటే ముందొచ్చిన ఓ పనిమనిషి చెత్త పారేసే చోట కలిసి చెబితేగాని అది తన హక్కని తెలియలేదు. ఆ రోజు వంటింట్లో చీపురు కింద పెట్టి, "ఐ రెస్ట్ ఆన్ సండే" అంది. అది అడుక్కున్న మాట కాదు. రోజూ పొద్దు పొడుస్తుంది అన్నంత మామూలుగా అంది. ఆదివారం తిరిగొచ్చింది. ఆ వాక్యమే ఇప్పుడు వసారాలో మొదటి పాఠం.

యాయుక్ అనే పిల్లకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. హాస్టల్లో ఉన్నవాళ్లలో ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్నది తనే. ఇప్పటికే రెండు తప్పాయి, ఇదీ తప్పితే ఊరికి పోవాల్సిందే. "సెలవు వద్దని చెప్పు, చాలు" అన్నాడు ఏజెన్సీ మేనేజరు పాక్ రుస్దీ. 'పాక్' అంటే తండ్రి వరస.

"నేనేం అనాలి బూ?" అంది యాయుక్.

"వెళ్లేది నువ్వు. మాట నేర్పడం వరకే నా పని" అంది సువర్తి. కానీ ఆ పూట పచ్చడిలో ఉప్పు మరిచిపోయింది.

మర్నాడు హాస్టల్‌కు అన్నం పొట్లాలు తీసుకెళ్లేసరికి హాల్లో వీడియో ఇంటర్వ్యూ నడుస్తోంది. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. సువర్తి బుట్టతో గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తెర మీద యజమానురాలు అడిగింది, "ఆదివారాలు పనిచేస్తావు కదా?"

యాయుక్ తల వంగింది. 'ఇం...' పెదవుల దాకా వచ్చింది. పిల్ల తల ఎత్తింది.

"నో మేడమ్. ఐ వర్క్ సిక్స్ డేస్. ఐ రెస్ట్ ఆన్ సండే."

"మరి ఆదివారం ఎవరు వండుతారు?"

"యూ కుక్, మేడమ్."

వరసలో పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుతో ఊగిపోయారు. తెర ఆరిపోయింది.

"మూడో బేరం పాడుచేశావు కదే!" అని లేచాడు పాక్ రుస్దీ. "నెక్స్ట్!"

తెర మళ్లీ వెలిగింది, ఇంకో యజమానురాలు. తర్వాతి పిల్ల కూడా అదే వాక్యం అంది. ఆ తర్వాతది కూడా.

"ఎవరు నేర్పారే మీకిది?"

"నేనే పాక్" అంది సువర్తి, పొట్లాలు పంచుతూ. "చట్టంలో ఉన్నదే నేర్పాను. అందరినీ ఊరికి పంపేస్తావా? రేపట్నుంచి తెర ముందు కుర్చీలో నువ్వే కూర్చుంటావా?"

హాల్లో అందరూ అదే మాట మీద ఉంటే ఒక్కదాన్ని ఊరికి పంపి ప్రయోజనం లేదని లెక్క తెలిసిన మనిషి పాక్ రుస్దీ. యాయుక్‌ను మళ్లీ వరసలో నిలబెట్టాడు. కొన్నాళ్లకు, సరేనన్న యజమానురాలు ఒకావిడ దొరికింది.

ఆ పిల్ల హాంకాంగ్ చేరాక ఓ ఆదివారం పాఠం మధ్యలో ఫోన్ మోగింది. వెనక పార్కులో ఆడవాళ్ల నవ్వులు, చిప్స్ పొట్లాల చప్పుడు. సువర్తి స్పీకర్ పెట్టింది.

"ఏమే పిల్లా, ఆదివారాలు ఏం చేస్తుంటావు?"

"ఏమీ చెయ్యను బూ!" అని అరిచింది యాయుక్. "ఐ డు నథింగ్!"

సువర్తి ఫోన్‌ను వసారా వైపు తిప్పి, గరిటె ఎత్తింది.

"విన్నారుగా? అందరూ అనండి!"